పొగలోని సొత్తెవరిది?

గోదావరికి దక్షిణపుటొడ్డున రామగుండము. ఉత్తరపుటొడ్డున మంచిర్యాల, జైపూరు. ఒక యొడ్డు కరీంనగరు జిల్లాదిగను, రెండవ యొడ్డు ఆదిలాబాదు జిల్లాదిగను చిరకాలముండెను. 2016 అక్టోబరులో జిల్లాలు విడివడిన పిమ్మట పేర్లు మారినవి గాని పొగగొట్టములు మారలేదు. రామగుండమున 1983 నుండి నడచుచున్న జాతీయ తాపవిద్యుత్సంస్థ వారి కేంద్రము 2,600 మెగావాట్లది. దాని ప్రక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు 2023, 2024 సంవత్సరములలో తోడైనది. ఏటికావల జైపూరున సింగరేణి వారి 1,200 మెగావాట్ల కేంద్రము 2016 నుండి పనిచేయుచున్నది. దేశమునకు దీపములు, ఈ సీమకు బూడిదయు పొగయు: ఇదియే ఇంతవరకు జరిగిన పంపకము.

ఈ పొగను గూర్చి కొంతకాలముగా ఒక క్రొత్త మాట వినవచ్చుచున్నది. కంటికి కానరాని సూక్ష్మజీవులు కొన్ని కలవనియు, వాని జన్యువులను సవరించినచో అవి కర్మాగారముల వ్యర్థవాయువులను మేసి ఇంధనమును, ద్రావకములను, ప్లాస్టిక్కునకు వలయు సరకును ఇచ్చుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన బయో ఈ3 విధానములో, వెలువడు కర్బనమును పట్టి వినియోగించుట ఒక ముఖ్యాంశముగా చేర్చబడినది. పఠనమందిరములలోని మిత్రులు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. మన పొగయు ధనమగునా? ఆ ధనము మనకు దక్కునా? మొదటిదానికి మా సమాధానము: కొంతవరకు, కొన్ని షరతులతో. రెండవదానికి: ఇప్పుడే మేల్కొనినచో దక్కును, ఒడంబడికలు ముగిసిన పిమ్మట మేల్కొనినచో దక్కదు. ఈ రెండు మాటలకును కారణములు చెప్పుట మా విధి.

సూక్ష్మజీవులచేత పని చేయించుకొనుట మనకు క్రొత్త విద్య గాదు. రాత్రి తోడువేసిన పాలు తెల్లవారునప్పటికి పెరుగగుట వాని పనియే. వేకువను తీయగా దిగిన కల్లు ప్రొద్దెక్కిన కొలదియు పులియుట వాని పనియే. ఆదిలాబాదు అడవులలో ఇప్పపూవును నానవేసి సారా దించువారికి ఈ సంగతి అనుభవమున తెలియును. పూవులోని తీపిని సారాయముగా మార్చునది మనిషి గాదు, ఈస్టు అను సూక్ష్మజీవి. మనిషి కుండ పెట్టును, కనిపెట్టుకొని కూర్చుండును; అంతే. నేడు తెలియవచ్చినదేమనగా, తీపికి బదులు వాయువును తిని బ్రతుకు జీవులును కలవు. కుండలో పూవునకు బదులు గాలి బుడగలను పంపినను సారాయము పుట్టును.

1994లో బెల్జియము దేశపు శాస్త్రజ్ఞులు కుందేటి పెంటికల నుండి అట్టి జీవి నొకదానిని వేరుచేసి, దానికి క్లాస్ట్రీడియం ఆటోఎథనోజీనం అని పేరిడిరి. ప్రాణవాయువు తగిలినచో ఇది పెరుగజాలదు. బొగ్గు అరకొరగా కాలినప్పుడు పుట్టి గని కార్మికుల ప్రాణములు తీయు కార్బన్ మోనాక్సైడు దీనికి ఆహారము. 2005లో న్యూజిలాండున స్థాపింపబడిన లాంజాటెక్ అను కంపెనీ దీనిని సాకి, 2018లో చైనాలోని ఒక ఉక్కు కర్మాగారపు వాయువుతో ఇథనాలు తీయు తొలి పెద్ద ఫ్యాక్టరీని నడిపించినది. బెల్జియములోని ఘెంటు నగరపు ఉక్కు కర్మాగారమునందును అట్టిది వెలసినది. మన దేశమున పానిపట్టు చమురుశుద్ధి కేంద్రములో ఇండియన్ ఆయిలు సంస్థ అదే పద్ధతిపై, రోజునకు 128 కిలోలీటర్ల ఇథనాలు తీయు సామర్థ్యముతో ఫ్యాక్టరీ నెలకొల్పినది.

ఇంతవరకు చెప్పినది ప్రకృతి ఇచ్చిన గుణము. మనిషి దాని గుణమునే మార్చిన కథ మరియొకటి. మొదటి ప్రపంచయుద్ధములో తుపాకిమందు తయారునకు అసిటోను కరవైనప్పుడు, ఛైమ్ వైజ్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మొక్కజొన్న మొదలగు ధాన్యముల పిండిని ఒక సూక్ష్మజీవికి మేపి అసిటోను తీయు పద్ధతిని సాధించెను. నూరేండ్ల పిమ్మట, ఆ పాత పరిశ్రమలో వాడిన జాతుల నిల్వలను అమెరికాలోని శాస్త్రజ్ఞులు గాలించి, అసిటోనునకు పనికివచ్చు జన్యువులను ఏరి, వాయువును తిను జీవిలో పొదిగిరి. 2022లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో ఆ జీవి అసిటోనును, ఐసోప్రొపనాలును ఇచ్చినది. కరోనా దినములలో మనము చేతులకు రాచుకొన్న మందులలో ఐసోప్రొపనాలు కలిసినవి ఎన్నియో కలవు. ఈ సరకులను నేడు ప్రధానముగా చమురు నుండియే తీయుచున్నారు. కావున ఇది గారడి గాదు, నిజమైన విద్య.

ఇది విని, రామగుండపు గొట్టమునకు ఒక పెద్ద కుండ తగిలించిన చాలునని తలచువారికి ఒక హెచ్చరిక. పొగలన్నియు ఒకటి గావు. పొయ్యిలోని కట్టె సగము కాలినచో బొగ్గగును. ఆ బొగ్గు మరల మండును. పూర్తిగా కాలినచో బూడిదయగును; బూడిదను ఎంత ఊదినను మండదు. కార్బన్ మోనాక్సైడు సగము కాలిన బొగ్గు వంటిది. అందింకను శక్తి మిగిలి యుండును, ఆ శక్తితో జీవి బ్రతుకును. బొగ్గుపులుసు గాలి, అనగా కార్బన్ డయాక్సైడు, బూడిద వంటిది. ఉక్కు కొలిమి వాయువులో మొదటిది సమృద్ధిగా నుండును. విద్యుత్కేంద్రపు గొట్టము నుండి వచ్చునది రెండవది. ఆ పొగలో ముప్పాతికకు దగ్గరగా నత్రజని, నూటికి 12 మొదలు 15 పాళ్లు బొగ్గుపులుసు గాలి, తక్కినది నీటియావిరి, కొంత గంధకపు వాయువు, ఈ జీవికి గిట్టని ప్రాణవాయువు కొంత.

బూడిదను మరల మండింపవలెనన్న బయటి నుండి శక్తిని పోయవలెను. ఆ శక్తి ఉదజని రూపమున రావలెను. లెక్క చూతము. బొగ్గుపులుసు గాలి నుండి ఒక లీటరు ఇథనాలు పుట్టుటకు ఒకటిన్నర కిలోల గాలియు, రమారమి 200 గ్రాముల ఉదజనియు వలయును. నీటిని విద్యుత్తుతో విడగొట్టి అంత ఉదజని తీయుటకు పది పదునొకండు యూనిట్ల కరెంటు పట్టును. ఆ కరెంటు బొగ్గుతో పుట్టినదైనచో, యూనిటునకు ఇంచుమించు ఒక కిలో చొప్పున పది కిలోల గాలి గొట్టమున వెలువడును. ఒకటిన్నర కిలో పట్టుటకు పది కిలోలు విడుచుట! కొండను త్రవ్వి ఎలుకను పట్టిన వానికైనను ఎలుక దక్కినది. ఇచ్చట అదియు దక్కదు.

ఎండతో పుట్టిన కరెంటును వాడవచ్చును గదా యని కొందరందురు. వాడవచ్చును. రామగుండపు జలాశయము మీదనే 100 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్కేంద్రము 2022 జూలై నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చినది. కాని ఆ కరెంటు తిన్నగా తీగలలోనికి పోయి బొగ్గు కరెంటునకు బదులైనచో, యూనిటునకు ఒక కిలో గాలి పుట్టకుండనే ఆగిపోవును. పుట్టిన దానిని పట్టుటకంటె పుట్టకుండ చేయుట చౌక. కావున పొగను కడుగు చీపురుగా ఈ విద్యను భావింపరాదు. చమురుతో తీయు సరకులను చమురు లేకుండ తీయు పరిశ్రమగా భావింపవలెను.

ఇక పరిమాణము. రామగుండపు 2,600 మెగావాట్ల కేంద్రము పూర్ణశక్తితో ఒక దినము నడచినచో ఆరు కోట్ల యూనిట్లకు పైగా కరెంటును, అరువది వేల టన్నులకు సమీపమైన బొగ్గుపులుసు గాలియు పుట్టును. మధ్యప్రదేశములోని వింధ్యాచల కేంద్రమున అదే సంస్థ, సూక్ష్మజీవులతో గాక రసాయనిక పద్ధతితో, రోజునకు 20 టన్నుల గాలిని పట్టి 10 టన్నుల మెథనాలు తీయు ఏర్పాటు చేసి, 2024లో తొలిఫలమును ప్రకటించినది. మన జైపూరున సింగరేణి వారు తలపెట్టిన ప్రయోగము రోజునకు 500 కిలోల గాలి నుండి 180 కిలోల మెథనాలు తీయుటకు. విత్తు చిన్నదని మర్రిని తూలనాడుట మా యుద్దేశము గాదు. కాని 20 టన్నులను చూపి 60,000 టన్నులను మరపించుట తగదు. గంధకపు వాయువును అరికట్టుటకు 2015లో విధింపబడిన నియమములు గడువుపై గడువు పొందిన చరిత్ర మన కన్నుల యెదుటనే యున్నది. రేపటి సూక్ష్మజీవిని చూపి నేటి కర్తవ్యమును వాయిదా వేయుటకు ఎవరికిని హక్కు లేదు.

అయినచో ఈ విద్య మన సీమకు పనికిరాదా? తప్పక పనికివచ్చును, తగిన వాయువును ఎన్నుకొనవలెను. 1980 నుండి 1999 వరకు నడచిన రామగుండపు పాత ఎరువుల కర్మాగారము బొగ్గును వాయువుగా మార్చి, దానినుండి అమోనియాను, యూరియాను తీసెడిది. ఆ వాయువులో ముఖ్యమైనవి కార్బన్ మోనాక్సైడు, ఉదజని. మనము పైన చెప్పిన జీవికి అది విందుభోజనము! ఆ కర్మాగారము సాంకేతికపు చిక్కులతోను నష్టములతోను మూతపడినది. దాని స్థానమున సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021 నుండి యూరియా తీయుచున్నది. ఇచ్చట అమోనియా తయారులో పుట్టు స్వచ్ఛమైన బొగ్గుపులుసు గాలి యూరియాలో ఇమిడిపోవును. టన్ను యూరియాకు ముక్కాలు టన్నుకు దగ్గరగా గాలి పట్టును. కాని ఆ యూరియాను కరీంనగరు రైతు పొలమున చల్లిన కొలది దినములకే నేలలోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టి గాలిని మరల విడిచిపెట్టును. పట్టిన గాలి ఎంతకాలము పట్టుబడి యుండునని ప్రతి పథకమును అడుగవలెను. మండించు ఇథనాలైనచో గాలి మరునాడే ఆకాశమున నుండును. చిరకాలము నిలుచు వస్తువైనచో కొన్నేండ్లు నిలుచును.

మన పొలములలోనే మరియొక వాయువు దాగి యున్నది. ఆదిలాబాదు నల్లరేగళ్లలో పత్తి యేరిన పిమ్మట పత్తికట్టెను కుప్పలు వేసి కాల్చుట మనమెరిగినదే. కరీంనగరు మాగాణులలో వరికొయ్యలకును అదే గతి. ఈ కట్టెను, గడ్డిని, మిల్లుల ఊకను చాలీచాలని గాలిలో వేడిచేసినచో కార్బన్ మోనాక్సైడు, ఉదజని కలిసిన వాయువు వచ్చును. దానిలోని తారును కడిగి జీవికి పంపవచ్చును. నిరుడు మొక్క గాలినుండి తీసికొన్న కర్బనమే ఇది. గనినుండి త్రవ్వినది గాదు. పట్టణముల చెత్తయు ఇట్టిదే. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వారి పద్ధతితో, మిగిలిన కూరగాయలను సూక్ష్మజీవులకు మేపి వాయువును, దానితో కరెంటును తీయుట 2021 నాటికే దేశమెల్ల వినిన వార్త. కరీంనగరు, మంచిర్యాల మార్కెట్లకు అది దూరపు విద్య గాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్న: ధనము దక్కునది ఎవరికి? ఈ పొగ పుట్టు చోట్లను చూడుడు. సింగరేణి సంస్థలో నూటికి 51 పాళ్లు రాష్ట్రమువి, 49 పాళ్లు కేంద్రమువి. జాతీయ తాపవిద్యుత్సంస్థలో అధికభాగము కేంద్రప్రభుత్వముదే. ఎరువుల కర్మాగారమునందు ప్రభుత్వసంస్థల వాటాలును, తెలంగాణ ప్రభుత్వపు వాటాయు కలవు. అనగా గొట్టము ప్రజలది, పొగ ప్రజలది. దానిని పీల్చినవారును ప్రజలే. విలువ లేదని తలచినంత కాలము పొగను అందరకు పంచి, విలువ యున్నదని తెలిసిన దినమున కొందరకు వ్రాసి ఇచ్చుట న్యాయము గాదు. ప్రభుత్వసంస్థ తన వాయువును ఏ కంపెనీకి, ఏ ధరకు, ఎన్నేండ్లకు ఇచ్చుచున్నదో ఆ ఒడంబడిక బహిరంగము కావలెను.

ఇది ఊహాభయము గాదు. మార్చిన జన్యువు మన సీమకు ఒకమారు వచ్చియున్నది. నేలలోని ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో పొదిగిన బీటీ విత్తనమునకు 2002లో అనుమతి లభించినది. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా అమ్మినారు. అందు పెద్దభాగము జన్యువునకు చెల్లించు రుసుము. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహికో మోన్‌శాంటో కంపెనీపై గుత్తాధిపత్య నిరోధక కమిషనునకు ఫిర్యాదు చేసి పోరాడిన పిమ్మట, 2006లో పొట్లము ధర 750 రూపాయలకు దిగినది. ఆ పిమ్మట కొన్నేండ్లకు గులాబీరంగు కాయతొలుచు పురుగు ఆ విత్తనమునకు లొంగుట మానినది. రుసుము చెల్లించిన రైతే మందుల ఖర్చును మరల భరించెను. జన్యువు మంచిదా చెడ్డదా యని వాదించుచు కూర్చుంటిమి. అది ఎవరి చేతిలో నున్నదని ముందుగా అడుగమైతిమి.

న్యాయస్థానములతో పరిచయము గలవారము గనుక చట్టపు మాట యొకటి చెప్పుదుము. 1980లో అమెరికా సుప్రీంకోర్టు, ఆనంద చక్రవర్తి అను భారతీయ సంతతి శాస్త్రజ్ఞుడు మార్చిన సూక్ష్మజీవికి పేటెంటు ఇయ్యవచ్చునని తీర్పు చెప్పినది. ప్రాణమున్న వస్తువైనను మనిషి చేసినదైనచో సొత్తగునని దాని సారాంశము. మన 1970 నాటి పేటెంటు చట్టమునకు 2002లో వచ్చిన సవరణ మొక్కలకును జంతువులకును పేటెంటు నిరాకరించి, సూక్ష్మజీవులను ఆ నిరాకరణ నుండి మినహాయించినది. ప్రకృతిలో నున్న జీవిని కనుగొన్నంత మాత్రమున హక్కు రాదు. మార్చినవానికి 20 ఏండ్ల హక్కు వచ్చును. కావున నేడు పరిశోధనశాల పెట్టువాడు 20 ఏండ్లు యజమాని. పెట్టనివాడు 20 ఏండ్లు కౌలుదారు. పైగా ఆ యజమానియైనను నిలుకడ గలవాడని నమ్మకము లేదు. 2025లో లాంజాటెక్ కంపెనీయే ద్రవ్యకష్టములలో పడి, తన మనుగడ సందేహమని తానే ప్రకటించుకొనవలసి వచ్చినది. ఒక్క కంపెనీ తాళపుచెవిని నమ్మి ఫ్యాక్టరీ కట్టుట వివేకము గాదు.

అపాయములను దాచుటయు తగదు. ప్రాణవాయువున పెరుగజాలని జీవి బయటపడి ఊళ్లమీద పడునను భయము చాలవరకు నిరాధారము. అయినను మార్చిన జీవులను వాడుటకు 1989 నియమములు కలవు. వానిని అక్షరము తప్పక నడపవలెను. ట్యాంకులలో మిగిలిన నీటిని గోదావరిలో విడువరాదు. అంతకంటె దగ్గరి అపాయము ఆ వాయువే. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్టణపు ఫ్యాక్టరీ నుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రలోని జనులను పొట్టన పెట్టుకొన్న సంగతి మరచితిమా? ఏ వాయువు తమ గ్రామము ప్రక్కన నిల్వయగుచున్నదో, గంట మ్రోగినచో ఎటు పరుగెత్తవలెనో గ్రామసభకు ముందుగా తెలియవలెను.

ఈ కారణములచే మేము ప్రభుత్వమును కోరునవి నాలుగు. ఒకటి, గోదావరి రెండొడ్డుల నడుమ, రామగుండములోనో మంచిర్యాలలోనో, ప్రజాధనముతో ఒక ప్రయోగకేంద్రము స్థాపించి, పత్తికట్టె, వరిగడ్డి, చెత్తల వాయువుతో పని ప్రారంభింపవలెను. రెండు, కరీంనగరులోని శాతవాహన విశ్వవిద్యాలయమున, బాసర సాంకేతిక విద్యాలయమున ఈ విద్యను బోధించి, గని కార్మికుల బిడ్డలను, రైతుల బిడ్డలను అందు నిపుణులుగా తీర్చవలెను. మూడు, ప్రజాధనముతో పుట్టిన జీవిపై హక్కు ప్రజాసంస్థలకే యుండవలెను. వాయువు ఒడంబడికలు బహిరంగము కావలెను. నాలుగు, ఏ పథకమైనను పట్టిన గాలి యెంత, అందుకై విడిచిన గాలి యెంత యను లెక్కను ఏటేట ప్రకటింపవలెను.

ఇంత పెద్దపని మన మారుమూల జిల్లాలకెందుకు, బెంగుళూరువారు చూచుకొందురు గదా యని నిట్టూర్చువారు మనలో కలరు. వారికి మేము చెప్పునది ఇంతే. బొగ్గు త్రవ్వునప్పుడు మారుమూల యని ఎవరును వెనుదీయలేదు. గొట్టములు నాటునప్పుడును వెనుదీయలేదు. విద్యను నాటునప్పుడు మాత్రము మారుమూల యెట్లైనది? ఇప్పపూవును కుండలో వేసి కనిపెట్టుకొని కూర్చుండు నేర్పు ఈ నేలకు క్రొత్త గాదు. కుండ మనదై యుండవలెను, కనిపెట్టు కన్ను మనదై యుండవలెను. అప్పుడు దిగినది మనదగును. ఈ సీమ శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును ఈ విషయమును రాబోవు సమావేశములలో ప్రస్తావింతురనియు, పాఠకులు వారిని ప్రస్తావింపజేయుదురనియు ఆశించుచున్నాము.